బీసీజీ వేయించిన పిల్లలకి మాంటూ టెస్టు పాజిటివ్ వస్తే పట్టించుకోవాలా, వదిలేయాలా? ఇంట్లో పెద్దాయనకి టీబీ ఉంది

రాయగడ_కోడలు
సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది రాయగడ. మా మావయ్యగారికి రెండు నెలల నుంచి దగ్గు, మొదట చలికాలం దగ్గే అనుకుని మిరియాల కషాయం, సిరప్పులు ఇచ్చుకుంటూ వచ్చాం. పోయిన నెల కళ్ళె పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ప్రభుత్వ మందులు మొదలుపెట్టి ఇరవై రోజులు అవుతోంది, ఇప్పుడు అన్నం కాస్త తింటున్నారు.

నా టెన్షన్ పిల్లల గురించి. బాబుకి 8 ఏళ్ళు, పాపకి మూడున్నర. ఇద్దరికీ పుట్టినప్పుడే బీసీజీ, అదే టీబీ టీకా, వేయించాం, కార్డులో ఉంది. పాప భుజం మీద మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది, బాబుకి మచ్చే లేదు. పాప రోజూ తాతయ్య పక్కనే పడుకునేది, ఆయన రొమ్ము మీద తల పెట్టుకుంటే గాని నిద్రపోయేది కాదు. అది గుర్తొస్తే నాకు కడుపులో దేవినట్టు అవుతోంది.

ఇక్కడ ఒక ప్రైవేటు క్లినిక్‌లో బాబుకి మాంటూ చేశారు, అంటే టీబీ సూక్ష్మజీవి ఒంట్లో చేరిందేమో తెలియడానికి చేతికి సూది వేసి ఎంత ఉబ్బిందో చూసే పరీక్ష. 13 మిల్లీమీటర్లు అని రాసిచ్చారు. అదే క్లినిక్‌లో ఇంకో డాక్టరుగారు చూసి "బీసీజీ వేయించారు కదా, అందుకే వచ్చింది, పట్టించుకోకండి" అన్నారు. మా ఆశా దిదీ ఏమో పాపకి ఏ టెస్టూ అక్కర్లేదు, ఎక్స్‌రే తీయించి వెంటనే బిళ్ళలు మొదలుపెట్టాలి అంటోంది. టెస్టు చేసినవాడికి మందు వద్దు, టెస్టు చెయ్యనిదానికి మందు కావాలి! ఇదెలా? ఎవరి మాట వినాలో తెలియక రాస్తున్నాను. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

గుణుపురం_బావ
సోమవారం, రాత్రి 10:05

అమ్మా కంగారు పడకు. బీసీజీ వేసినవాళ్ళందరికీ మాంటూ ఉబ్బుతుంది, ఇది నేను చాలామంది దగ్గర విన్నాను. మా పెద్దోడికి కూడా ఆరేళ్ళ కిందట 11 వచ్చింది, డాక్టరు వదిలెయ్యమన్నాడు, వదిలేశాం, వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, రాయిలా ఉన్నాడు. టీకా వేయించాక టీబీ రాదు, అందుకే కదా వేసేది. పిల్లలకి గుడ్లు, పాలు పెట్టు చాలు.

జయపురం_ల్యాబ్
సోమవారం, రాత్రి 10:31

గుణుపురం బావగారూ, మీ అబ్బాయి బాగున్నందుకు సంతోషం. కానీ మీ ఇంట్లో అప్పుడు టీబీ పేషెంటు ఉన్నారా? తేడా అంతా అక్కడే ఉంది.

రాయగడ అక్కా, నేను ల్యాబ్ టెక్నీషియన్ని, మాంటూలు వేసి చదవడం నా రోజూ పని. ముందు నాలుగు విషయాలు చెప్పండి. ఒకటి, సూది వేసిన ఎన్ని గంటలకి చూశారు? రెండు, కొలిచింది ఎరుపునా, గట్టిదనాన్నా? మూడు, చేతికి అడ్డంగా కొలిచారా, నిలువుగానా? నాలుగు, ఈ నెల రోజుల్లో బాబుకి మీజిల్స్ టీకా ఏమైనా పడిందా, లేదా తట్టు వచ్చిందా? ఇవి తెలియకుండా 13 అనే అంకె మీద వాదించుకోవడం దండగ.

రాయగడ_కోడలు
సోమవారం, రాత్రి 10:50

తమ్ముడూ, శుక్రవారం పొద్దున్న పదిన్నరకి వేశారు, ఆదివారం క్లినిక్ సెలవు అని శనివారం సాయంత్రం ఆరింటికే రమ్మన్నారు. కాంపౌండరు ఎర్రగా ఉన్న చోట ఈ చివరి నుంచి ఆ చివరికి టైలరు టేపు పెట్టి కొలిచాడు. నేను పక్కనే ఉన్నాను. వేలితో నొక్కి చూడలేదు. టీకాలు ఏమీ పడలేదు, తట్టు రాలేదు.

జయపురం_ల్యాబ్
సోమవారం, రాత్రి 11:14

అయితే ఆ 13 ని పక్కన పెట్టండి. అది నిజంగా 13 కావచ్చు, 8 కావచ్చు, 16 కూడా కావచ్చు.

మాంటూలో ముంజేతి లోపలివైపు చర్మం పొరలోకే 0.1 మి.లీ. మందు ఎక్కిస్తాం, అప్పుడే చిన్న బుడగలా తేలాలి. తేలకపోతే సూది లోతుకి పోయినట్టు. తర్వాత 48 నుంచి 72 గంటల మధ్య చూడాలి. మీది 32 గంటలకి కూడా రాలేదు. ఎరుపు లెక్కలోకి రాదు అక్కా, ఎంత ఎర్రగా ఉన్నా సరే. లోపల గట్టిపడిన భాగాన్నే కొలవాలి. నేనైతే కళ్ళు మూసుకుని వేలితో అంచు తడుముతాను, లేదా బాల్‌పెన్నుని పక్క నుంచి మెల్లగా తోసుకుంటూ వస్తాను, గట్టిదనం తగిలిన చోట పెన్ను ఆగిపోతుంది, అక్కడ గీత పెడతాను. అవతలి వైపు నుంచీ అలాగే. ఆ రెండు గీతల మధ్య దూరం, చేతి పొడవుకి అడ్డంగా, ప్లాస్టిక్ స్కేలుతో. అంతే. "పాజిటివ్" అని రాసి పంపడం కూడా తప్పే, ఎన్ని మిల్లీమీటర్లో అంకె రాయాలి, ఏమీ లేకపోతే సున్నా అని రాయాలి.

రేపు సోమవారం కాదు కదా, ఇవాళే సోమవారం... శుక్రవారం పదిన్నరకి వేశారంటే 72 గంటలు ఇవాళ పొద్దున్నే దాటాయి. అయినా గట్టి పాజిటివ్ అయితే వారం దాకా కూడా తగులుతూనే ఉంటుంది. రేపు పొద్దున్నే జిల్లా ఆసుపత్రి టీబీ విభాగంలో చెయ్యి చూపించండి. నెగెటివ్ అని తేల్చడానికి ఆలస్యమైంది గాని, పాజిటివ్ అయితే రేపు కూడా పట్టుబడుతుంది.

పర్లాకిమిడి_మాస్టారు
మంగళవారం, ఉదయం 6:20

నేను రిటైరైన టీచర్ని, వైద్యం నాకు తెలియదు. కానీ ఈ బీసీజీకీ మాంటూకీ ఉన్న సంబంధం నా ఒంటి మీదే జరిగింది కాబట్టి చెబుతాను. నేను ఒకటో రెండో తరగతిలో ఉండగా, 1950ల చివర్లో, బడికి జీపులో టీకాలవాళ్ళు వచ్చారు. మొదటి రోజు అందరి చేతికీ సన్నటి సూది వేసి వెళ్ళిపోయారు. మూడు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి, వరసలో నిలబెట్టి, ఒక్కొక్కడి చెయ్యి తడిమి స్కేలు పెట్టి చూశారు. చెయ్యి ఉబ్బనివాళ్ళకి మాత్రమే భుజం మీద బీసీజీ వేశారు. ఉబ్బినవాళ్ళకి వెయ్యలేదు. నాకు వేశారు, నా పక్క బెంచీవాడికి వెయ్యలేదు, వాడు తప్పించుకున్నానని బడంతా గంతులేశాడు. వాడి చెయ్యి ఎందుకు ఉబ్బిందో మాకెవరికీ తెలియదు. వాడి ఒంట్లోకి అప్పటికే సూక్ష్మజీవి చేరిందని అర్థమని నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను.

అంటే ఆ రోజుల్లో ముందు పరీక్ష, తర్వాత టీకా. తర్వాత తర్వాత పరీక్ష లేకుండా నేరుగా టీకా వెయ్యడం వచ్చింది, ఇప్పుడు పుట్టిన పిల్లలకే వేసేస్తున్నారు. మన దేశంలో బీసీజీ 1948లో మొదలైంది, మొదలైన చోట్లలో మన మదనపల్లె శానిటోరియం ఒకటి. వ్యాక్సిను మద్రాసు గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారయ్యేది. ఆ తర్వాత 1968లో చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షల మందికి పైగా జనం మీద పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. పెద్దవాళ్ళకి వచ్చే ఊపిరితిత్తుల టీబీని ఈ టీకా ఆపలేదని అక్కడ తేలింది. కాబట్టి గుణుపురం బావగారు "టీకా వేశాక రాదు" అన్నది సరికాదు. నాకు టీకా వేశారు. 41వ ఏట నాకు టీబీ వచ్చింది.

గుణుపురం_బావ
మంగళవారం, ఉదయం 7:02

మాస్టారూ, నాకు ఈ సంగతి తెలియదు. మరి టీకా దేనికండీ? ఊరికే పిల్లల్ని ఏడిపించడానికా?

పిల్లల_వైద్యం_విశాఖ
మంగళవారం, మధ్యాహ్నం 2:15

బరంపురంలో పుట్టి పెరిగి విశాఖలో పిల్లల వైద్యురాలిగా పని చేస్తున్నాను. ఓపీ అయ్యాక ఇది చూశాను. కాస్త పెద్దగా రాస్తాను, చదవండి.

బావగారి ప్రశ్న మంచిదే. బీసీజీ పసిపిల్లల్ని రెండు ఘోరమైన రూపాల నుంచి బాగా కాపాడుతుంది. ఒకటి మెదడు పొరలకి వచ్చే టీబీ, రెండోది రక్తంలో కలిసి ఒళ్ళంతా పాకే మిలియరీ టీబీ. అందుకే పుట్టగానే వేస్తాం, తప్పకుండా వేయించాలి. కానీ పూర్తిగా ఆపదు. సూక్ష్మజీవి ఒంట్లోకి చేరకుండా గోడ కట్టేసే టీకా కాదు అది.

ఇప్పుడు ఇన్‌ఫెక్షన్ వేరు, జబ్బు వేరు. సూక్ష్మజీవి చేరి నిద్రపోతూ ఉంటే ఇన్‌ఫెక్షన్: దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, ఎక్స్‌రే బాగుంటుంది, పక్కవాళ్ళకి అంటదు. అది లేచి పెరిగితే జబ్బు. పెద్దవాళ్ళలో ఇన్‌ఫెక్షన్ ఉన్న పదిమందిలో ఒకరికి, అదీ జీవితం మొత్తంలో ఎప్పుడో, జబ్బుగా మారుతుంది. పసిపిల్లల లెక్క అలా కాదు. ఏడాది లోపు బిడ్డకి ఇన్‌ఫెక్షన్ సోకి మందు ఇవ్వకపోతే ముగ్గురిలో ఒకరికి పైగా జబ్బు పడవచ్చు, అదీ నెలల్లోనే. ఐదేళ్ళు దాటాక ప్రమాదం బాగా తగ్గుతుంది, మళ్ళీ పదేళ్ళు దాటి ఎదిగే వయసులో పెరుగుతుంది.

అందుకే మీ ఆశా దిదీ చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైనది. ఇంట్లో కళ్ళెలో సూక్ష్మజీవి కనిపించిన పేషెంటు ఉంటే, ఐదేళ్ళ లోపు పిల్లలకి జబ్బు లేదని నిర్ధారించుకుని, మాంటూ కోసం ఎదురుచూడకుండా నివారణ మందు మొదలుపెట్టాలని మన జాతీయ కార్యక్రమం నియమం. ఎందుకంటే ఆ వయసులో టెస్టు నెగెటివ్ వచ్చినా నమ్మలేం. సూక్ష్మజీవి చేరాక చెయ్యి ఉబ్బడానికి రెండు నెలల దాకా పట్టొచ్చు, బిడ్డ బాగా బక్కచిక్కి ఉంటే అసలు ఉబ్బకపోవచ్చు కూడా. ఆ రెండు నెలలు మనం కూర్చుని చూడలేం.

బాబు సంగతి. ఐదు దాటిన పిల్లలకి టెస్టు అందుబాటులో ఉంటే చేస్తాం, లేదని మందు ఆపకూడదు. ఇక బీసీజీ వల్ల మాంటూ ఉబ్బుతుందా అంటే, ఉబ్బుతుంది, కానీ చాలామంది అనుకునేంత కాదు. పుట్టిన ఏడాదిలో బీసీజీ పడ్డ పిల్లలు 100 మందిని తీసుకుంటే, దాని వల్ల 10 మి.మీ. దాటి పాజిటివ్ అనిపించుకునేవాళ్ళు సుమారు ఆరుగురు. పదేళ్ళు గడిచాక చూస్తే ఒక్కరు. బడి వయసులోనో ఆ తర్వాతో వేయించుకున్నవాళ్ళలో మాత్రం ఈ ప్రభావం ఎక్కువ కాలం నిలుస్తుంది. మీ బాబుకి పుట్టినప్పుడు వేశారు, 8 ఏళ్ళయింది, ఇంట్లో రోజూ దగ్గే తాతయ్య ఉన్నారు. ఇక్కడ 10 దాటితే ఆ నేరం బీసీజీ మీద వేయడానికి నాకు మనసొప్పదు. పేషెంటు ఎవరూ లేని ఇంట్లో, ఏ లక్షణమూ లేని పిల్లవాడికి ఊరికే మాంటూ చేసి 11 వచ్చిందని మందులు మొదలుపెట్టమని కూడా నేను చెప్పను. బావగారి అబ్బాయి విషయంలో ఆ డాక్టరు వదిలెయ్యమన్నది బహుశా అందుకే.

మచ్చ గురించి అడిగారు. మచ్చ లేకపోతే టీకా పని చేయలేదని కాదు, మళ్ళీ వేయించక్కర్లేదు. మచ్చ ఉంది కాబట్టి రక్షణ గట్టిగా ఉందనీ కాదు. ఈ చర్చలో ఆ మచ్చని మర్చిపోండి.

ఇద్దర్లో ఎవరికైనా రెండు వారాలు దాటిన దగ్గు గాని జ్వరం గాని, బరువు తగ్గడం లేదా మూడు నెలలుగా పెరగకపోవడం, మెడ దగ్గర బిళ్ళలు, ఇదివరకు ఆడుకునే పిల్ల మూలన కూర్చోవడం ఉన్నాయా? ఇంకోటి, మావయ్యగారి కళ్ళె రిపోర్టులో రిఫాంపిసిన్ అనే టీబీ మందు గురించి ఏం రాశారో చూడండి. మామూలు టీబీ కాకుండా మందులకి లొంగని రకమైతే పిల్లల నివారణ మందు మారిపోతుంది.

రాయగడ_కోడలు
మంగళవారం, రాత్రి 8:48

మేడం, మీరు ఇంత ఓపిగ్గా రాసినందుకు మీ మేలు మర్చిపోను. రిఫాంపిసిన్ దగ్గర రెసిస్టెన్స్ లేదు అనే ఉంది. దగ్గు, జ్వరం ఇద్దరికీ లేవు. కానీ పాప బరువు... మమతా దివస్‌లో (ఇక్కడ ఊళ్ళో తల్లీబిడ్డల్ని చూసే రోజు) తూచిన కార్డు తీసి చూశాను. నాలుగు నెలల కిందట 12.1, ఇప్పుడూ 12.1. గీత అలా అడ్డంగా పోతోంది. నేను గమనించనే లేదు.

ఇవాళ బాబు చెయ్యి చూపించాను. అక్కడ ఉన్నాయన పెన్నుతోనే గీతలు పెట్టాడు తమ్ముడూ, అచ్చం నువ్వు చెప్పినట్టే. 12 అన్నాడు.

వంశధార_తల్లి
మంగళవారం, రాత్రి 11:37

నేను ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గాని ఎప్పుడూ రాయలేదు. మాది గుణుపురం దగ్గర పల్లె. నాలుగేళ్ళ కిందట మా ఆయనకి టీబీ. అప్పుడు చిన్నోడికి రెండేళ్ళు. నేను వాణ్ణి తీసుకుని ఒక ఆసుపత్రికి వెళ్ళాను, వాడి భుజం చూసి "టీకా మచ్చ బాగా పడింది, వీడికేం భయం లేదు" అని పంపేశారు. టెస్టు లేదు, ఎక్స్‌రే లేదు, మందు లేదు. నేను సంతోషంగా ఇంటికొచ్చాను.

మూడు నెలలకి వాడు పొద్దున్న లేవగానే వాంతి చేసుకోవడం మొదలైంది. ఏదో అరగలేదనుకున్నాం. తర్వాత ఎప్పుడు చూసినా నా భుజం మీదే మగతగా ఉండేవాడు, దించితే ఏడ్చేవాడు, దీపం చూస్తే మొహం తిప్పుకునేవాడు. ఒకరోజు నావైపు చూస్తుంటే ఒక కన్ను లోపలికి తిరిగి ఉంది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళల్లోంచి పోదు. బరంపురం తీసుకెళ్ళాం, వెన్నులోంచి నీరు తీసి మెదడు టీబీ అన్నారు. ఏడాది మందులు వాడాం. ప్రాణం దక్కింది. ఇప్పుడు ఆరేళ్ళు, కుడి కాలు ఈడుస్తాడు, మాటలు నెమ్మది.

బీసీజీ లేకపోతే అసలు దక్కేవాడు కాదేమో, నాకు టీకా మీద కోపం లేదు. ఆ మచ్చ చూసి పంపేశారే, దాని మీదే నా బాధ. అక్కా, పాపకి ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకు. రేపే వెళ్ళు.

రాయగడ_కోడలు
బుధవారం, ఉదయం 5:55

రాత్రంతా నిద్ర పట్టలేదు అమ్మా. వెళ్తున్నాను. నీ బాబు కోసం మజ్జిగౌరమ్మకి మొక్కుకుంటాను.

మల్కన్‌గిరి_రోడ్డు
బుధవారం, ఉదయం 9:10

నాదొక ప్రశ్న. మాంటూ బీసీజీ వల్ల తప్పుగా రావచ్చు అంటున్నారు కదా, రక్త పరీక్ష ఒకటి ఉందట, ఇగ్రా అంటారు, దానికి బీసీజీతో సంబంధం లేదట. అందరికీ అదే చేసేస్తే గొడవ వదిలిపోదా? మా చెల్లెలు వాళ్ళ పిల్లలకి చేయిద్దామని చూస్తున్నాం.

జయపురం_ల్యాబ్
బుధవారం, మధ్యాహ్నం 1:25

నిజమే అన్నా, ఇగ్రాకి బీసీజీ అడ్డురాదు. మాంటూలో వాడే పీపీడీ అంటే సూక్ష్మజీవిలోని రకరకాల ప్రోటీన్ల మిశ్రమం, వాటిలో చాలా బీసీజీలోనూ ఉంటాయి, మట్టిలో నీళ్ళలో ఉండే దాని చుట్టాల్లోనూ ఉంటాయి. ఇగ్రాలో రెండు ప్రోటీన్లే వాడతారు, ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అని. బీసీజీ అనేది పశువుల టీబీ సూక్ష్మజీవిని కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1908 నుంచి 1921 దాకా 13 ఏళ్ళు ల్యాబులో పెంచి పెంచి బలహీనం చేసిన రకం. అలా బలహీనపడటంలో దాని జన్యువుల్లో ఒక ముక్క ఊడిపోయింది, ఈ రెండు ప్రోటీన్లూ ఆ ముక్కలోవే. కాబట్టి బీసీజీ పడ్డ పిల్లాడి రక్తం వాటిని చూసి ఉలిక్కిపడదు, అసలు టీబీ సూక్ష్మజీవి చేరి ఉంటేనే పడుతుంది.

కానీ చంటిపిల్ల నరం నుంచి రక్తం తియ్యాలి, తీసిన ట్యూబుల్ని కొన్ని గంటల్లోనే ఇంక్యుబేటర్లో పెట్టాలి. మల్కన్‌గిరి నుంచి ఘాట్ రోడ్డు మీద బస్సులో పంపిస్తే ఎప్పటికి చేరుతుంది? చిన్న పిల్లల్లో ఇటూ కాదు అటూ కాదు అనే రిజల్టు కూడా ఎక్కువే వస్తుంది. పైగా ఇగ్రా అయినా మాంటూ అయినా ఇన్‌ఫెక్షన్ ఉందా అనేది చెబుతాయి గాని జబ్బు ఉందా అనేది చెప్పవు. ఇగ్రా పాజిటివ్ అని ఆర్నెల్ల టీబీ మందులు మొదలుపెట్టినవాళ్ళని చూశాను, ఇగ్రా నెగెటివ్ అని దగ్గే పిల్లాణ్ణి వదిలేసినవాళ్ళనీ చూశాను. రెండూ తప్పే.

ఇప్పుడు అవే రెండు ప్రోటీన్లతో చేతి మీద వేసే కొత్త రకం టెస్టులు వచ్చాయి, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది, మన పుణె కంపెనీవాళ్ళ సై-టీబీ కూడా అందులో ఒకటి. మాంటూలాగే చేతి మీద, బీసీజీ గొడవ లేకుండా. అయితే మన దగ్గర దాన్ని 18 దాటినవాళ్ళకి మొదలుపెట్టారు. పిల్లలకి ప్రస్తుతం మాంటూనే దిక్కు, దాన్నే సరిగ్గా వేసి సరిగ్గా చదువుకుందాం.

బొబ్బిలి_నాన్న
బుధవారం, సాయంత్రం 6:30

అందరూ మందు మందు అంటున్నారు, నేను కాస్త అడ్డం చెబుతాను, ఏమనుకోకండి. జబ్బు లేని పిల్లకి ఆర్నెల్లు రోజూ బిళ్ళ వెయ్యడం నాకు నచ్చడం లేదు. ఆ బిళ్ళ పేరు ఐసోనియాజిడ్, అది లివర్‌ని పాడుచేస్తుందని ఎక్కడ చూసినా రాస్తారు. మాకు బంధువులొకరు టీబీ మందులతో కామెర్లు వచ్చి ఐసీయూ దాకా వెళ్ళారు. మంచి తిండి పెట్టి మూడు నెలలకొకసారి చూపించుకుంటే సరిపోదా?

పిల్లల_వైద్యం_విశాఖ
బుధవారం, రాత్రి 9:20

మీ భయం న్యాయమైనదే, కొట్టిపారేయను. మీ బంధువు వాడింది జబ్బుకి ఇచ్చే నాలుగు మందులై ఉంటాయి, వాటిలో లివర్ మీద భారం వేసేవి మూడున్నాయి. నివారణకి ఇచ్చేది ఐసోనియాజిడ్ ఒక్కటే, బరువుని బట్టి. ఇంకో పద్ధతిలో ఐసోనియాజిడ్‌తో రిఫాపెంటిన్ అనే మందు కలిపి వారానికోసారి, మొత్తం 12 మోతాదులు, రెండేళ్ళు దాటినవాళ్ళకి. పిల్లల లివరు ఈ విషయంలో పెద్దవాళ్ళ కన్నా చాలా గట్టిది. నా ప్రాక్టీసులో నివారణ మందుతో కామెర్లు వచ్చిన పిల్లలు చాలా అరుదు. అయినా తల్లికి చెప్పి పంపుతాను: అన్నం సహించకపోవడం, ఆగకుండా వాంతులు, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే బిళ్ళ ఆపి వెంటనే రమ్మని. రిఫాపెంటిన్ వాడేవాళ్ళకి మూత్రం నారింజ రంగులో వస్తుంది, దానికి మాత్రం భయపడకూడదు.

మూడు నెలలకొకసారి చూపించుకోవడం అంటారా, వంశధార తల్లి బాబుకి ఆ మూడు నెలల్లోనే వచ్చింది.

తిండి మాట మాత్రం మీరు సరిగ్గా పట్టుకున్నారు. జార్ఖండ్‌లో 2019 నుంచి మూడేళ్ళు ఒక పెద్ద అధ్యయనం చేశారు. టీబీ పేషెంట్ల ఇళ్ళలో మిగతావాళ్ళకి నెల నెలా బియ్యం, పప్పులు, విటమిన్లు ఇచ్చి చూస్తే కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ఇది 2023లో అచ్చయింది. కాబట్టి తిండి కావాలి, బిళ్ళ కూడా కావాలి. పేషెంటుకి ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బు ఇప్పుడు నెలకి 1000 రూపాయలు, మావయ్యగారి బ్యాంకు ఖాతాలో పడుతోందో లేదో చూసుకోండమ్మా.

పర్లాకిమిడి_మాస్టారు
గురువారం, ఉదయం 6:05

ఒక్క మాట అడగాలనుంది అమ్మాయ్. ఇంట్లో మీ మావయ్యగారిని ఎలా చూస్తున్నారు? నాకు జబ్బు వచ్చినప్పుడు నా కంచం, నా గ్లాసు వేరు పెట్టారు, గ్లాసు అడుగున సున్నంతో గుర్తు వేశారు. తగ్గిపోయిన రెండేళ్ళకి కూడా ఆ గుర్తు అలాగే ఉంది. టీబీ గాలిలో వస్తుంది, గ్లాసులో రాదు. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గేటప్పుడు ఆయన్ని తువ్వాలు అడ్డం పెట్టుకోమనండి, కొన్నాళ్ళు పాపని పక్కలో పడుకోనివ్వకండి. అంతే గాని ఆ మనిషిని దూరం పెట్టకండి.

రాయగడ_కోడలు
గురువారం, రాత్రి 9:15

మాస్టారూ, మీరు అడిగింది సూటిగా తగిలింది. మా అత్తయ్యగారు కంచం వేరు పెట్టారు. ఇవాళ మీరు రాసింది ఆవిడకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు గాని రాత్రి అందరి కంచాలూ కలిపే తోమించారు. ఆయన వరండాలో పడుకుంటున్నారు, అక్కడ గాలి బాగా ఆడుతుంది.

నిన్న పాపకి ఎక్స్‌రే తీశారు. అక్కడి డాక్టరుగారికి బరువు కార్డు చూపించాను. ఊపిరితిత్తి పక్కన గ్రంథి కాస్త పెద్దదిగా ఉందేమో అని అనుమానం అన్నారు. పొద్దున్న పరగడుపున ముక్కులోంచి గొట్టం వేసి పొట్టలో నీరు తీసి పంపారు, పిల్లలు కళ్ళె ఉమ్మలేరు, మింగేస్తారు, అందుకని అట. అది తీస్తుంటే పాప "తాతా" అని అరిచింది. ఇప్పుడు రిజల్టు రావాలి. జబ్బు కాదని తేలే దాకా నివారణ బిళ్ళ మొదలుపెట్టొద్దు, ఆగమన్నారు. ఇది సరేనా మేడం?

పిల్లల_వైద్యం_విశాఖ
గురువారం, రాత్రి 9:50

చాలా సరైన పని చేశారు. జబ్బు అనుమానం ఉండగా ఒక్క మందుతో నివారణ మొదలుపెడితే, లోపల జబ్బు ఉన్న పక్షంలో ఆ మందుకి సూక్ష్మజీవి అలవాటు పడిపోతుంది. అందుకే ముందు తేల్చుకోవాలి. రెండు మూడు రోజుల్లో వస్తుంది. ఒకవేళ టీబీ అని తేలినా భయపడకండి, ఇంత తొందరగా పట్టుకుంటే పిల్లలు బాగా కోలుకుంటారు. రిజల్టు నెగెటివ్ వచ్చినంత మాత్రాన కూడా అయిపోయినట్టు కాదు, పిల్లల్లో సూక్ష్మజీవులు తక్కువగా ఉంటాయి కాబట్టి దొరక్కపోవచ్చు. డాక్టరు ఎక్స్‌రే, బరువు, ఇంట్లో పేషెంటు అన్నీ కలిపి నిర్ణయిస్తారు.

సరిహద్దు_టీచరమ్మ
శుక్రవారం, సాయంత్రం 5:40

నేను పార్వతీపురం వైపు బడిలో పని చేస్తాను, మా పిల్లల్లో సగం మంది బంధువులు రాయగడ, గుణుపురం వైపే. ఒక విషయం. ఈ మధ్య ఇంట్లో టీబీ ఉందని తెలిసి ఒక పిల్లవాణ్ణి బడికి రావద్దన్నారు వేరే చోట. రాయగడ అమ్మాయిగారూ, మీ బాబుకి అలాంటిది ఎదురైతే ఒప్పుకోకండి. మాంటూ పాజిటివ్ పిల్లవాడు ఎవరికీ అంటించడు. జబ్బు ఉన్న చిన్న పిల్లలు కూడా చాలావరకు అంటించరు. పెద్దవాళ్ళ నుంచే పిల్లలకి వస్తుంది.

ఇంకోటి, సెలవులకి పిల్లల్ని ఆంధ్రా వైపు అమ్మమ్మగారింటికి పంపేస్తే మందు ఆగిపోతుందని చాలామంది భయపడతారు. నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ రిజిస్టరులో పేషెంటు నమోదు దేశమంతా ఒకటే. ఆ నంబరు దగ్గర పెట్టుకుంటే ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో కూడా మందు తీసుకోవచ్చు. కార్డు ఒడియాలో ఉందని ఇక్కడ తికమక పడతారు, అందుకని నంబరు విడిగా ఒక కాగితం మీద రాసిచ్చి పంపండి. ఏదైనా అనుమానం ఉంటే 1800-11-6666 కి ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు.

గుణుపురం_బావ
శనివారం, ఉదయం 8:15

మొదట్లో నేను రాసినదానికి క్షమించమ్మా. తెలిసీ తెలియక ధైర్యం చెప్పాను. వంశధార తల్లిగారిది మా పక్క ఊరే అయి ఉంటుంది, ఆవిడ రాసింది చదివి నా నోట మాట రాలేదు. మా వీధిలో ఒకాయన మందులు వాడుతున్నాడు, ఇంట్లో ఏడాదిన్నర మనవడున్నాడు. నిన్న వెళ్ళి వాళ్ళ కోడలికి చెప్పాను. "టీకా వేయించాం కదా బావగారూ" అంది. ఇవాళ మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి ఆశా దిదీని వెంటబెట్టుకుని.

రాయగడ_కోడలు
సోమవారం, రాత్రి 8:30

పాప రిజల్టు వచ్చింది. నీటిలో సూక్ష్మజీవి దొరకలేదు. ఎక్స్‌రేని పెద్ద డాక్టరుగారు మళ్ళీ చూసి గ్రంథి పెద్దది కాదు, ఫిల్ము కొంచెం పక్కకి తిరిగి తీశారు అన్నారు, ఇంకోటి తీయించారు, అది బాగుంది. జబ్బు లేదు అన్నారు. ఐసోనియాజిడ్ ఆర్నెల్లు, దాంతో పాటు బీ6 బిళ్ళ. నెల నెలా బరువు చూడాలి, పెరగకపోతే మళ్ళీ మొదటి నుంచి పరీక్షలు. బాబుకి ఎక్స్‌రే బాగానే ఉంది, వాడికి వారానికోసారి బిళ్ళలు, 12 వారాలు. వాడు క్యాలెండరు మీద 12 ఆదివారాలకి గుండ్రాలు చుట్టాడు.

పాపకి మొదటి బిళ్ళ ఇవాళ పొద్దున్న పొడి చేసి నీళ్ళలో కలిపి ఇచ్చాను. సగం మింగి సగం ఉమ్మేసింది. మళ్ళీ ఇవ్వాలా, వదిలేసి రేపటిది ఇవ్వాలా?

పిల్లల_వైద్యం_విశాఖ
సోమవారం, రాత్రి 8:41

మింగాక అరగంట లోపు వాంతి చేసుకుంటే మళ్ళీ ఇవ్వండి. కొంచెం ఉమ్మితే, ఎంత పోయిందో తెలియకపోతే, ఇవాళ్టికి వదిలేయండి, రేపు రెండు కలిపి మాత్రం ఇవ్వకండి. పరగడుపున, చెంచాడు నీళ్ళలో కలిపి, చెంప లోపలివైపు కొంచెం కొంచెంగా పొయ్యండి. అయ్యాక ఇష్టమైనది ఏదైనా ఒక్క చుక్క నాకించండి.

వంశధార_తల్లి
సోమవారం, రాత్రి 10:20

మా వాడికి నేను బెల్లం నీళ్ళు నాకించేదాన్ని అక్కా. ముందు ఖాళీ చెంచా నోట్లో పెట్టి ఆడించు, తర్వాత మందు చెంచా పెట్టు. తాతయ్యని కూడా అదే టైముకి వరండాలో కూర్చుని తన బిళ్ళలు వేసుకోమను, గుమ్మంలోంచి చూస్తూ తనూ వేసుకుంటుంది.